తెలుగులో బి.ఎస్సీ., ఇంగ్లీషులో ఎమ్మెస్సీ

హనుమకొండ: ఊరి దగ్గరి కాలేజీలో తెలుగు మీడియంలో బి.ఎస్సీ. చదివి, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రంలో చేరిన విద్యార్థికి మొదటి నెల గడ్డుకాలమే. మూడేళ్లు ‘క్షయకరణం’ అని చదివినది అక్కడ ‘రిడక్షన్’. విషయం తెలిసిందే, మాట తెలియదు. లెక్చరర్ నోట్సు చెప్పరు. నాలుగు పుస్తకాల పేర్లు చెప్పి లైబ్రరీకి వెళ్లమంటారు. గైడ్లు బట్టీపట్టి డిగ్రీ గట్టెక్కినవారికి ఇక్కడే చిక్కు. ఇక సెమినార్‌లో అందరి ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడటం మరో గండం.

పైచదువులకు తెలుగు పుస్తకాలు తేవడానికే 1968లో తెలుగు అకాడమీని పెట్టారు. డిగ్రీ దాకా పుస్తకాలు వచ్చాయి. చరిత్ర, రాజనీతిశాస్త్రం ఎం.ఎ.లకూ కొన్ని దొరుకుతాయి. సైన్సు పి.జి.కి మాత్రం ఇంగ్లీషు పుస్తకమే దిక్కు.

ఇది విద్యార్థి తెలివి లోపం కాదు. తరగతులు మొదలైన నెలలో రోజూ సాయంత్రం ఒక గంట ఈ మాటలు నేర్పితే సగం భయం పోతుంది. అందుకు కొత్త భవనాలు అక్కరలేదు. మొదటి సెమిస్టరులో ఒక పేపరు తప్పిందని పిల్లలను చదువు మాన్పించి పొలానికి రమ్మనడం పెద్దల తొందరపాటు. తప్పిన పేపరు మళ్లీ రాసుకోవచ్చు.