హార్డనర్ కలిపారా? కర్చీఫ్ కాపాడదు

తిరుమలగిరిలో డెంటింగ్, పెయింటింగ్ పని చేసేవాళ్లకు, వాళ్ల దగ్గరికి బండి తీసుకెళ్లేవాళ్లకు ఈ మాట వెంటనే చేరాలి. హార్డనర్ కలిపిన రంగును ముక్కుకు కర్చీఫ్ కట్టుకొని కొట్టొద్దు. ఇవాళ ఒప్పుకున్న పనైనా సరే, ఆపండి.

టూ-కె, అంటే హార్డనర్ కలిపి వాడే ప్రైమర్, క్లియర్ కోట్ గట్టిపడి మెరిసేది హార్డనర్‌లోని ఐసోసయనేట్ల వల్ల. స్ప్రే గన్ వాటిని కంటికి ఆనని తుంపరగా మారుస్తుంది. దాన్ని బట్ట ఆపదు, మెడికల్ షాపు మాస్కూ ఆపదు. థిన్నర్ ఘాటు తగ్గగానే గండం గడిచిందనుకుంటాం. కానీ ఐసోసయనేట్ ఊపిరితిత్తులను దెబ్బతీసే మోతాదులో ఉన్నా ముక్కుకు వాసన తెలియకపోవచ్చు.

మన మెట్టప్రాంతంలో ఇంకో చిక్కుంది. సూర్యాపేట–జనగామ రోడ్డు దుమ్ము తడి రంగు మీద పడిందా, మళ్లీ వాటర్ పేపర్ పట్టాల్సిందే. అందుకే చుట్టూ పట్టాలు కట్టి, షట్టర్ దించి రంగు కొడతారు. ఫినిషింగ్ బాగానే వస్తుంది, తుంపర మాత్రం బయటికి పోయే దారి లేక లోపలే తిరుగుతుంది. గన్ ఆపాక కూడా చాలాసేపు గాల్లోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మేస్త్రీ మాస్కు దించి మెరుపు చూసుకుంటాడు. పని నేర్చుకునే పిల్లవాడు లోపలికొస్తాడు.

దీనివల్ల వచ్చేది ఆస్తమా. పని చేస్తున్నప్పుడు ఏమీ లేకపోయినా, రాత్రి పడుకున్నాక దగ్గు, ఛాతీ బిగుసుకోవడం, పిల్లికూతలు మొదలవుతాయి. సెలవు రోజు తగ్గితే అనుమానం గట్టిదే. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత ఆవగింజంత తగిలినా ఆయాసం లేస్తుంది, ఇక ఆ పనికే దూరం కావాలి. డాక్టరు దగ్గర ‘దమ్ము’ అని ఊరుకోకుండా, హార్డనర్‌తో పనిచేస్తానని చెప్పండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఐసోసయనేట్ విషప్రభావాన్ని ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. ముగ్గురు పనిచేసే రోడ్డుపక్క షెడ్డు దాకా ఆ చట్టం ఎన్నడొచ్చింది?

యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి శిక్షణ లేనివాళ్లు ఈ ఐసోసయనేట్ సరుకును పనిలో వాడకూడదు. ఇక్కడ డబ్బా ఎవరడిగినా ఇస్తారు. కనీసం అమ్మేవాళ్లు అడగాలి: మాస్కు ఉందా?

సరైనది, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు. కంప్రెషర్ గొట్టాన్ని నేరుగా తగిలించుకోవద్దు, ఆ గాలిలో నూనె ఉంటుంది, పీల్చే గాలికి తగిన ఫిల్టర్లు కావాలి. ఆ ఏర్పాటు, గాలి లాగే బూత్ లేకపోతే టూ-కె పని ఒప్పుకోకండి, ఉన్నచోటికి పంపండి. రంగు కలిపేటప్పుడూ నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి, చర్మం మీద పడినా ఈ జబ్బుకు దారే. చేతులు థిన్నర్‌తో కడగడం మానండి, సబ్బు చాలు. పూర్తిగా ఆరని పూతను రుద్దొద్దు. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది, అందుకే రంగు కొట్టేచోట వెల్డింగ్ వద్దు.

2021లో దళితబంధు ఆర్థిక సాయ పథకానికి ఎంపికైన నాలుగు మండలాల్లో తిరుమలగిరి ఒకటి. ఆ సొమ్ముతో బండ్లు కొన్నవాళ్లూ ఉన్నారు, వాటికిప్పుడు రంగు మాసే వయసు. బండి యజమానులారా, బేరం ఆడండి, కాదనం. కానీ ‘పొద్దున ఇచ్చిన, పొద్దుగూకేసరికి కావాలె’ అని కూర్చోవద్దు. మాస్కు ఫిల్టరు ఖర్చు బిల్లులో కనిపిస్తే, ఆ ఒక్క లైను మాత్రం కొట్టేయించకండి.