మొన మిగిలింది, కర్ర పోయింది

సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ కనుక మా ఊరు వినుకొండ అయిందని పెద్దలు చెబుతారు. ఆ కథకెంతో ముందే ఈ ప్రాంతపు కొండలు మనిషి అడుగుల చప్పుడు విన్నాయి. నేడు మా పల్నాడు జిల్లాలోనే ఉన్న నాగార్జునకొండ లోయలో 1954–60 మధ్య జరిగిన తవ్వకాలలో బౌద్ధారామాలతోపాటు రాతియుగపు పనిముట్లూ బయల్పడ్డాయి. లోయ జలాశయంలో మునిగింది. పనిముట్లు ప్రదర్శనశాలకు చేరాయి.

ప్రదర్శనశాలలో మనం చూసేది రాయిని మాత్రమే. ఎండకూ వానకూ చెదలకూ మన నేలలో కర్ర నిలవదు, నార నిలవదు. నంద్యాల సమీపాన జ్వాలాపురంలో సుమారు 35 వేల ఏళ్ళనాటి సూక్ష్మశిలా పరికరాలు దొరికాయి. గోటి పరిమాణంలో ఉండే అటువంటి రాళ్ళను పిడికో కర్రకో బిగించి వాడేవారని పండితుల ఊహ. ఎలా బిగించారు? దేనితో? ఈ ప్రశ్నలకు చదువు ఒక్కటే చాలదు, చేతులు కూడా కదలాలి. అందుకే ప్రాచీన ఆయుధాలకు నకళ్ళు చేయడాన్ని పనిలేనివారి వినోదంగా కొట్టిపారేయడం తప్పని నా అభిప్రాయం.

నేనూ ఒక ఈటె చేసి చూశాను. వెదురు కర్ర, చెకుముకి రాతి పెచ్చు, మోదుగ వేళ్ళ నార, గుగ్గిలం: ఇవే సామగ్రి. పత్తికట్టెల మోపును నిలబెట్టి మొదటిసారి విసిరేసరికి గుగ్గిలం పగిలి మొన ఊడి పడింది. కత్తులకు లక్కతో పిడులు బిగించే పెద్దాయన ఒకరు చూసి నవ్వి, “ఒట్టి గుగ్గిలం పెళుసు బాబూ. తేనెమైనం కలుపు, కాస్త బొగ్గుపొడి వెయ్యి” అన్నారు. రెండవ ఈటె నిలిచింది.

అయితే నా ఈటె నిలిచినంత మాత్రాన ఆనాటివారు అలాగే చేశారని రుజువు కాదు. అలా చేయడం సాధ్యమని మాత్రమే తేలింది. నకలు సాక్ష్యం కాదు, ఒక ఊహకు పెట్టిన పరీక్ష. జర్మనీలోని షోనింగెన్ బొగ్గుగనిలో 1990లలో దొరికిన ఈటెలకు రాతి మొనలే లేవు; కర్రనే వాడిగా చెక్కారు. వాటి వయసు 3 లక్షల ఏళ్ళని చాలాకాలం అనుకున్నారు, 2025లో వెలువడిన అధ్యయనం 2 లక్షలంది. ఆ ఈటెలు చేతికందే దూరంలో పొడవడానికే పనికొస్తాయని కొందరు వాదించేవారు. వాటి నకళ్ళను జావెలిన్ క్రీడాకారుల చేత విసిరించగా 20 మీటర్ల దూరంలోని గురిని కూడా తాకాయని 2019లో ప్రకటించారు. నకలు ఒక వాదాన్ని మార్చగలిగింది.

కానీ ఈ పనికి మూడు నియమాలుండాలి. మొదటిది, చేసినవారు తమ పేరూ సంవత్సరమూ కర్రపై చెక్కాలి. నేటి నకలు రేపటి దొంగ పురావస్తువు కాకూడదు. రెండవది, దొరికిన పాత పనిముట్టును ఏరి ఈటెకు కట్టకూడదు. ఉన్నచోట ఉన్నంతవరకే ఆ రాయి మాట్లాడుతుంది, ఇంటికి తెచ్చుకుంటే మూగదవుతుంది. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. నల్లమల చెంచుల వెదురు పనినీ నార పనినీ చూసి వారిని రాతియుగపు మనుషులనడం మానాలి. వారి బాణాలకు ఇనుప ములుకులున్నాయి. వారి విద్య నేటి విద్య, వారు మన సమకాలికులు. వారి దగ్గర నేర్చుకుంటే గురువులుగా పేర్కొందాం, అవశేషాలుగా కాదు.

వేట 1972 నాటి చట్టం కింద నేరం, కనుక మన ఈటెలకు పత్తికట్టెల మోపే చాలు. బడిపిల్లల చేత ఒక్కసారి ఇలాంటి ఈటె కట్టించి చూడండి. మొన ఊడిపడిన క్షణాన, “ఆదిమానవుడు అనాగరికుడు” అన్న పాఠంపై వారికే అనుమానం కలుగుతుంది. ఆ అనుమానమే చరిత్ర చదువుకు తొలిమెట్టు. మీరేమంటారు?