ఊపిరాడనిది ఎవరికి?

కెమికల్ కంపెనీల పెద్దలు ఎక్కడ మీటింగు పెట్టుకున్నా ఒకటే పాట. నిబంధనలు ఎక్కువైపోయాయి, అనుమతుల కోసం తిరగలేక చస్తున్నాం, పరిశ్రమకు ఊపిరాడటం లేదు అంటారు. కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి దిక్కు ఊళ్లలో ఎండాకాలం కూడా కిటికీలు మూసుకుని పడుకునే మనుషులకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఊపిరాడనిది ఎవరికో ఒక్క రాత్రి మా ఊళ్లలో పడుకుంటే తెలుస్తుంది.

పరిశ్రమే వద్దని మనం ఎన్నడూ అనలేదు. మందులు కావాలి, ఉద్యోగాలు కావాలి. మనం అడిగేది కంపెనీ ఖర్చును కంపెనీయే భరించాలని. మురికి నీళ్లు శుద్ధి చేయడానికి, పొగను పట్టి ఉంచడానికి అయ్యే ఖర్చు మిగుల్చుకుని, దాన్ని మన బోర్ల మీద, బర్రెల మీద, పిల్లల ఊపిరితిత్తుల మీద రాస్తున్నారు. ఏ బ్యాంకులో లేని అప్పు ఇది. తీసుకున్నది వాళ్లు, కడుతున్నది మనం.

పటాన్‌చెరు, బొల్లారం కథ పాతవాళ్లకు తెలుసు, కొత్తగా సంఘంలో చేరిన పిల్లలకు చెప్పాలి. 1970ల నుంచి అక్కడ పారిశ్రామికవాడలు వచ్చాయి. మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు వరసగా దిగాయి. వాటి మురుగు వాగుల్లోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయింది. వాగు నీళ్లతో వరి పండించిన ఊళ్లలో పొలాలు పడావు పడ్డాయి, బావులు చెడ్డాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్లు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి కొట్లాడారు. సుప్రీంకోర్టు నుంచి హైకోర్టు, హైకోర్టు నుంచి గ్రీన్ ట్రిబ్యునల్. నాగలి పట్టే వయసులో సాక్ష్యం చెప్పిన రైతులు చేతికర్ర పట్టే వయసుకు వచ్చారు. కొంత నష్టపరిహారం వచ్చిన మాట నిజమే. పోయిన నీళ్లు రాలేదు.

శుద్ధి చేస్తున్నాం కదా అని చెప్పడానికి కంపెనీలన్నిటికీ కలిపి పటాన్‌చెరులో ఒక ట్రీట్‌మెంట్ ప్లాంటు పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించిన ఫలితాలు అచ్చయ్యాయి. దాదాపు 90 కంపెనీల మురుగు వచ్చే ప్లాంటు అది. శుద్ధి అయిన తర్వాత కూడా లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జ్వరం వచ్చిన మనిషి ఆ మాత్ర వేసుకుంటే రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయిన మందు దాదాపు 45 కిలోలని లెక్క కట్టారు, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత. అలాంటి నీళ్లలో బతికిన సూక్ష్మజీవి మందుకు లొంగకుండా మొండిది అవుతుంది. రేపు మన ఇంట్లో బాలింతకు చీము పట్టినా, పసిపిల్లకు జ్వరం వచ్చినా డాక్టరు రాసిన మందు పనిచేయకపోతే, దాని వేరు ఇలాంటి వాగుల్లోనూ ఉంటుంది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 ప్రాంతాల పేర్లు చెప్పింది. 70 మార్కులు దాటితే ఆ జాబితా. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07, విశాఖపట్నానికి 70.82. ఏం చేశారు? ప్లాంటు నీళ్లను పైపులైను వేసి అంబర్‌పేటకు, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. మంజీర రైతు గోడు మూసీ రైతుకు బదిలీ అయింది. నల్లగొండ, భువనగిరి దిక్కు మన సభ్యులు ఆ నీళ్లతోనే నాట్లు వేస్తున్నారు.

ఇప్పుడు కొత్త మాట, చుక్క మురుగు కూడా బయటికి వదలం అని. మంచిదే. కానీ ఆ నీళ్లు ఏమవుతాయి? కాచి ఆవిరి చేసి, మిగిలిన ఉప్పును డంపింగు యార్డుకు పంపుతారు. కాచడానికి బాయిలర్, బాయిలర్‌కు బొగ్గు. నీళ్లలో కలిసిన సాల్వెంట్లను సరిగ్గా పట్టి ఉంచకపోతే అవి గాలిలోకే లేస్తాయి. అంటే కాగితం మీద నీళ్ల కాలుష్యం సున్నా, మన ముక్కుకు మాత్రం కుళ్లిన కూరగాయల వాసన, ఒక్కోసారి నెయిల్ పాలిష్ వాసన. అది కూడా పగలు అధికారులు తిరిగే వేళ కాదు, అర్ధరాత్రి దాటాక.

ఇంత జరిగిన తర్వాత నిబంధనలు గట్టిపడాలి కదా? ఏం జరిగిందో తేదీలతో చూడండి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కంపెనీల మురుగులో యాంటీబయాటిక్‌లు ఎంత మించి ఉండకూడదో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. 2020 మార్చి 27న కరోనా పేరు చెప్పి, మందుల ముడిసరుకు ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే అనుమతి వచ్చే దారి వేశారు. ఆర్నెల్లకని చెప్పి గడువు పొడిగించారు. ఊళ్లో అందరూ ఇళ్లలో తాళాలు వేసుకుని కూర్చున్న రోజుల్లో, మన నోటికీ తాళం వేశారు. ఇక 1986 నాటి పర్యావరణ చట్టం. భోపాల్ శవాల మీద పుట్టిన చట్టం అది. ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జనవిశ్వాస్ అని పేరు పెట్టి ఆ జైలు తీసేశారు. 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా, అది కట్టకపోతేనే జైలు మాట. జనం విశ్వాసమట! ఏ జనం?

పక్కనే ఇంకో లెక్క పెట్టుకోండి. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో వరి కొయ్యలు కాల్చిన రైతుకు 2024 నవంబరులో జరిమానా రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు వాడికి 5 వేలు, ఐదెకరాలు దాటిన వాడికి 30 వేలు. కొయ్యలు కాల్చడం మంచిదని మేము అనం, నేల పాడవుతుంది. కానీ అగ్గిపుల్ల గీసిన రైతుకు 30 వేలు, చిమ్నీ ఉన్న కంపెనీకి 10 వేల నుంచి మొదలు. పైగా రైతు పొగను ఆకాశంలోంచి ఉపగ్రహం ఫొటో తీస్తుంది. కంపెనీ పొగను కంపెనీ పెట్టుకున్న మీటరే కొలుస్తుంది.

ఉద్యోగాలు పోతాయని బెదిరిస్తారు. ఆ షిఫ్టులకు పోతున్నది మన పిల్లలే. విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్‌కు 12 మంది నిద్రలోంచి లేచి రోడ్ల మీద పడి చనిపోయారు. ఆ కంపెనీకి సరైన పర్యావరణ అనుమతే లేదు. అచ్యుతాపురంలో 2024 ఆగస్టులో 17 మంది, మన పాశమైలారంలో 2025 జూన్ 30న నలభై మందికి పైగా పోయారు. తనిఖీ తగ్గిస్తే బతికేది ఉద్యోగమా, మనిషా?

సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 22న చెప్పింది: శుద్ధి ప్లాంటు పనిచేయని పరిశ్రమ నడవకూడదు, ఆన్‌లైన్ మీటర్ల లెక్కలు జనానికి కనపడాలి. ఆ లెక్కలు మన పంచాయతీ ఆఫీసు గోడ మీద, తెలుగులో, గంట గంటకూ కనపడాలని మన డిమాండు. వాసన వచ్చిన రాత్రి మీటరు ఏం చూపిందో మనమే చూస్తాం. యాంటీబయాటిక్ పరిమితులు తిరిగి తేవాలి. ప్రజాభిప్రాయ సేకరణను ఏ సాకుతోనూ ఎత్తేయకూడదు. ఒక్కసారి పారిశ్రామిక పార్కుకు అనుమతి వస్తే అందులోని కంపెనీలకు ఆ సేకరణ ఉండదు, కాబట్టి పార్కు దగ్గరే పట్టుకోవాలి. 2024 నవంబరులో లగచర్ల రైతులు ఒప్పుకోకపోతే ఫార్మా కోసం ఇచ్చిన భూసేకరణ నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. భూమి పోయాక అడిగితే ఎవరూ వెనక్కి తీసుకోరు.

మన వంతు పనులు కూడా ఉన్నాయి. రాత్రి ట్యాంకరు వాగు దగ్గర ఆగితే నంబరు, టైము రాసిపెట్టండి. ఒంటరిగా అడ్డం పోకండి. వాసన వచ్చిన ప్రతిసారీ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు రావాలి, రాకపోతే అదే మొదటి అభ్యంతరం. సభలో మాట్లాడిందంతా చివర తెలుగులో చదివి వినిపించాలని 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. చదవకుండా కుర్చీలు ఎత్తనియ్యకండి. మనం అన్నది అందులో లేకపోతే అక్కడికక్కడే రాయించి, నకలు తీసుకుని సంఘం జిల్లా ఆఫీసుకు పంపండి.