పథకాన్ని చివరి తూము వద్ద కొలవాలి

గ్రామీణాభివృద్ధి పథకం విజయవంతమైనదని చెప్పడానికి మన కార్యాలయాలలో వాడుకలో ఉన్న కొలమానాలు ప్రధానంగా రెండు. కేటాయించిన నిధులు ఖర్చయ్యాయా అన్నది ఒకటి, తలపెట్టిన నిర్మాణం గడువులోగా ముగిసిందా అన్నది రెండవది. ఈ రెండూ అవసరమైనవే. అయితే నిర్మాణాన్ని అప్పగించిన పదేళ్ల తరువాత అది ఎవరి పొలానికి, ఏ మేరకు ఉపకరిస్తున్నదనే ప్రశ్నకు వీటిలో సమాధానం లభించదు. ఈ లోపం వల్ల కలిగే నష్టాన్ని గ్రహించడానికి పల్నాడులోని నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టు చక్కని ఉదాహరణ.

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులలో జొన్నకూటి సీమగా వినిపించే పల్నాడు రూపురేఖలను సాగర్ నీరు మార్చింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడుదలైంది. మాచర్ల ప్రాంతంలో మొదలయ్యే కుడి కాలువ 203 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. దాని కింద వరి, మిరప, పత్తి విస్తరించాయి. ఈ ప్రయోజనాన్ని తక్కువచేసి చూడవలసిన పనిలేదు. కాని ప్రాజెక్టు రూపకల్పనలో ఆయకట్టులోని గణనీయమైన భాగాన్ని ఆరుతడి పంటలకే నిర్దేశించారు. ఆచరణలో కాలువ ఎగువ భాగాన వరి విస్తరించింది. మేజరు, మైనరు కాలువల చివరి భూములకు నీరు ఆలస్యంగా చేరడం, కొన్నిసార్లు చేరకపోవడం నిత్యసమస్యగా మారింది.

దీనిని ఎగువ రైతు స్వార్థంగా మాత్రమే వర్ణించడం సరికాదు. తరువాతి తడి ఎప్పుడు అందుతుందో తెలియని రైతు, నీరు కనిపించినప్పుడే పొలం నిండా పెట్టుకుంటాడు. పక్క పొలంలో వరి వేస్తే నల్లరేగడి నేలలో ఊట దిగి, ఆరుతడి పంట వేసిన రైతు కూడా మరుసటి ఏడు వరికే మొగ్గవలసి వస్తుంది. అంటే సమస్య రైతు స్వభావంలో కంటే నీటి వేళలపై నమ్మకం లేకపోవడంలో ఉంది. సిమెంటు లైనింగు ఒక్కటే ఆ నమ్మకాన్ని కలిగించలేదు.

ఈ సత్యాన్ని గుర్తించిన చట్టం మన రాష్ట్రంలోనే రూపొందింది. 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం దేశవ్యాప్తంగా దృష్టిని ఆకర్షించింది. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. వారబందీ పట్టిక తయారు చేయడం, కాలువల నిర్వహణ ప్రణాళిక రూపొందించడం, లెక్కలను సామాజిక తనిఖీకి ఉంచడం సంఘాల విధులుగా చట్టం పేర్కొంది. తొలి సంవత్సరాలలో పూడికతీత, షట్టర్ల మరమ్మతు వంటి పనులు సంఘాల ద్వారా సాగాయి.

ఆ తరువాత వేగం మందగించడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, డబ్బు. నీటి తీరువా వసూలు రెవెన్యూ శాఖ చేతిలో ఉండగా, నిర్వహణ బాధ్యత సంఘానిది. తన వాటా ఎంతో, ఎప్పుడు వస్తుందో తెలియని సంఘం మరమ్మతులకు ప్రణాళిక వేయలేదు. రెండవది, కొనసాగింపు. ఎన్నికైన పాలకవర్గాలు లేకుండానే కొన్ని సంవత్సరాలు గడిచాయి. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. మూడవది, సభ్యత్వం. భూయజమానులకు, రికార్డులలో నమోదైన కౌలుదారులకు మాత్రమే సంఘంలో స్థానం ఉంది. నోటిమాట మీద కౌలు చేసే రైతు, భర్త పేరున ఉన్న పొలంలో పనంతా చూసుకునే స్త్రీ నీటిని వాడుతున్నా, నీటి నిర్ణయాలకు వెలుపలే ఉంటున్నారు.

2010లో ప్రపంచ బ్యాంకు సహాయంతో, సుమారు 4,444 కోట్ల రూపాయల అంచనాతో చేపట్టిన నీటిరంగ అభివృద్ధి పథకం సాగర్ కాలువల ఆధునికీకరణకు ఉద్దేశించినది. నీటి సంఘాల బలోపేతం కూడా అందులో భాగమే. లైనింగు, షట్టర్ల మార్పిడి వంటి పనులకు కిలోమీటర్లలో, కోట్లలో లెక్క చెప్పవచ్చు. షట్టరు తుప్పు పట్టకుండా చూసేది ఎవరు, ఎవరి డబ్బుతో, లస్కరు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నలకు అటువంటి లెక్క లేదు. లెక్కకు రాని పని వెనుకబడటం పథకాల అమలులో తరచుగా కనిపించే విషయమే.

ఈ అనుభవం పల్నాడుకే పరిమితమైనది కాదు. ఆఫ్రికాలో జరిగిన రెండు ప్రయత్నాలు ఇక్కడ పోల్చదగినవి. నేటి టాంజానియాలో 1947లో బ్రిటిష్ ప్రభుత్వం లక్షలాది ఎకరాలలో వేరుశనగ సాగుకు భారీ పథకం ఆరంభించింది. అక్కడి వర్షపాతాన్ని, ఎండితే రాయిలా గట్టిపడే నేల స్వభావాన్ని, స్థానిక సేద్యగాళ్ల అనుభవాన్ని పట్టించుకోకుండా ట్రాక్టర్లను దించారు. 1951లో పథకాన్ని విరమించే నాటికి మూడున్నర కోట్ల పౌండ్లకు పైగా నష్టం మిగిలింది.

రెండవది పశ్చిమాఫ్రికాలోని మాలి దేశానిది. నైజర్ నది నీటితో పది లక్షల హెక్టార్లను సాగులోకి తేవాలనే ఆశయంతో ఫ్రెంచి పాలకులు 1932లో ‘ఆఫీస్ దు నిజేర్’ అనే సంస్థను స్థాపించారు. దశాబ్దాల తరువాత కూడా అందులో స్వల్పభాగమే సాగయింది. వరి దిగుబడులు హెక్టారుకు రెండు టన్నుల లోపే నిలిచాయి. 1980, 1990 దశకాలలో కాలువల పునరుద్ధరణతో పాటు పాలనను కూడా సంస్కరించారు. రైతులు చెల్లించే నీటి రుసుములో నిర్వహణకు వెళ్లే సొమ్మును రైతు ప్రతినిధులు, సంస్థ అధికారులు కలిసి కూర్చునే సంయుక్త సంఘాల పర్యవేక్షణలోకి తెచ్చారు. ధాన్యం వ్యాపారంపై ఆంక్షలు సడలించారు. దిగుబడులు రెట్టింపుకు మించి పెరిగాయి. ఈ ఫలితానికి ఏ ఒక్క చర్యనో కారణంగా చెప్పలేము. నాట్లు వేసే పద్ధతి, మేలైన వంగడాలు, మార్కెట్టు అన్నీ కలిసివచ్చాయి. అయినా తాను కట్టిన రుసుము తన కాలువకే ఖర్చవుతున్నదని రైతు చూడగలగడం ఆ మార్పులో ముఖ్యభాగం. పల్నాడు ఆయకట్టులో లోపించినది సరిగ్గా ఇదే.

ఇందుకు రెండు అభ్యంతరాలు రావచ్చు. పల్నాడు గ్రామాలలో వర్గ రాజకీయాల తీవ్రత దృష్ట్యా, సంఘాలకు అధికారమిస్తే అవి పలుకుబడి గలవారి చేతిలో పడతాయన్నది మొదటిది. ఈ భయం నిరాధారం కాదు. ఏకగ్రీవం పేరుతో ఎగువ రైతులే పదవులు పంచుకునే వీలుంది. అయితే అధికారులే నిర్వహించినంత మాత్రాన పలుకుబడి పనిచేయదని కాదు. ఏ తూముకు ఏ రోజున ఎంత నీరు వచ్చిందో గ్రామ సచివాలయం గోడ మీద కనిపించే చోట పలుకుబడికి కొంతైనా కళ్లెం పడుతుంది.

నీటి కొలతలు సామాన్య రైతుకు సాధ్యం కావన్నది రెండవ అభ్యంతరం. పొరుగునున్న ప్రకాశంతో సహా ఏడు కరవు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం దీనికి సమాధానం చెప్పింది. అక్కడి రైతులు, రైతు స్త్రీలు స్వయంగా వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరి నీటి లెక్క కట్టి, దానిని బట్టి పంటలను ఎంచుకున్నారు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇందులో ప్రత్యక్ష బాధ్యత ఉన్నది. మిరపకు ఏ దశలో తడి కావాలో చెప్పే సిఫారసు, ఆ మైనరుకు నీరు వచ్చే తేదీలు తెలియనప్పుడు రైతుకు అక్కరకు రాదు. కాబట్టి పంటల ప్రణాళికను కాలువ పట్టికతో కలిపి, నీటి సంఘం సమావేశంలోనే చర్చించాలి. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్లే చివరి సంవత్సరపు విద్యార్థులకు ఒక్కొక్క మైనరును కేటాయించి, మొదటి తూము, మధ్య తూము, చివరి తూముల వద్ద నీరు చేరిన తేదీలను, సాగైన పంటలను నమోదు చేయించవచ్చు. ఏటా ఒక జట్టు తరువాత మరొక జట్టు ఈ పనిని కొనసాగిస్తే, పదేళ్లలో విలువైన సమాచారం సమకూరుతుంది. వాస్తవ సాగుదారుల జాబితాలో కౌలు రైతులను, స్త్రీలను చేర్చడం కూడా ఇక్కడే మొదలు కావచ్చు.

ఈ పాఠం కొత్త పథకాలకు మరింత అవసరం. కుడి కాలువ నీరు అందని వెల్దుర్తి పరిసరాల మెట్టభూముల కోసం వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. ఎత్తిపోతలలో కాలువ ఖర్చుకు విద్యుత్తు, మోటార్ల మరమ్మతు అదనంగా తోడవుతాయి. మొదటి మోటారు తిరగక ముందే సంఘాన్ని ఏర్పరచి, నిర్వహణ నిధిని, నీటి వాటాలను, ఆరుతడి పంటల విస్తీర్ణాన్ని అందరి సమక్షంలో నిర్ణయించాలి. నిర్మాణం ముగిసిన ఐదవ ఏట, పదవ ఏట మూల్యాంకనం జరపడానికి అయ్యే ఖర్చును పథకం అంచనాలోనే చూపాలి. ఆ మూల్యాంకనం మొదటగా పరిశీలించవలసినది పంపుహౌసును కాదు, చివరి తూము కింద ఉన్న రైతు పొలాన్ని. ఆ పొలంలో వేళకు తడి అందినప్పుడే పథకం పూర్తయినట్లు లెక్క.