వేలెత్తిన బాలుడు

సెలవు దినమున సికిందరాబాదు పెరేడు మైదానము ప్రక్కగా పోవువారు కొంతసేపు ఆగి చూడక మానరు. అచట ఒక్కసారిగా పెక్కు క్రికెట్టు పందెములు సాగుచుండును. ఒక ఆటలో కొట్టిన బంతి వేరొక ఆట నడుమకు దొరలిపోవును. అచటివారు దానిని తీసి విసరివేసి, మరల తమ ఆటలో మునిగిపోవుదురు. చూచుటకు రుసుము లేదు. కూర్చుండుటకు ఆసనములును లేవు.

కొంతకాలము క్రిందట ఒక ఆదివారము మధ్యాహ్నము నేనును అచట ఒక చెట్టునీడను కూర్చుంటిని. నా యెదుట రెండు చిన్న క్లబ్బుల నడుమ స్నేహపూర్వకమైన ఆట జరుగుచుండెను. నేలపై నారచాప పరచి, అంచులకు మేకులు దిగగొట్టి, దానినే పిచ్చిగా చేసికొనిరి. ఆడువారిలో గుమాస్తాలు కలరు, మోటారు మరమ్మతు చేయువారు కలరు, విద్యార్థులును కలరు. ఇట్టి ఆటలకు వేతనమిచ్చి అంపైర్లను పిలిపించుట కష్టము. కావున బ్యాటింగు చేయుచున్న జట్టులోనివారే ఇద్దరు వంతులవారీగా అంపైర్లుగా నిలుచుందురు. అనగా తమవాడు ఔటయినచో ఆ మాట తామే చెప్పవలసి యుండును.

ఆట చివరకు వచ్చినది. బ్యాటింగు జట్టు గెలుపునకు ఇంకను 9 పరుగులు కావలెను. రెండు వికెట్లు మాత్రమే మిగిలియున్నవి. ఆ జట్టు నాయకుడు నిలుకడగా ఆడుచుండెను. బౌలరు వైపున అంపైరుగా నిలిచినవాడు పదునారేండ్లు మించని బాలుడు. అంతకుముందే ఔటయి వచ్చి, తెల్లటోపీ పెట్టుకొని నిలిచినాడు. బౌలరు వేసిన బంతి నాయకుని బ్యాటు ప్రక్కగా పోయి వికెట్ కీపరు చేతిలో పడినది. ఎదుటి జట్టువారందరును చేతులెత్తి అప్పీలు చేసిరి.

బంతి బ్యాటునకు తగిలినదో లేదో దూరముననున్న నాకు తెలియలేదు. నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున నా మనస్సు బ్యాటింగు జట్టు పక్షముననే యుండెను. ఆ బాలుడు తల అడ్డముగా ఊపిన బాగుండునని కోరుకొంటిని. అతడు ఒక్క క్షణము నేలచూపు చూచెను. పిదప మెల్లగా వేలెత్తెను. నాయకుడు మారుమాట లేక వెడలిపోయెను. తరువాత కొద్దిసేపటికే చివరి వికెట్టును పడినది. వారు 4 పరుగుల తేడాతో ఓడిపోయిరి.

చెట్టుక్రిందకు తిరిగివచ్చిన వారిలో కొందరు, “మనవాడై యుండి మనలనే ముంచెను” అని గొణుగుకొనిరి. ఆ బాలుడు దూరముగా పోయి ఒంటరిగా కూర్చుండెను. అంతట నాయకుడు రెండు గ్లాసులలో టీ తెచ్చి, ఒకటి అతని చేతికిచ్చి, అందరును వినునట్లు ఇట్లనెను: “తమ్ముడూ! బంతి తగిలినది. నాకది తెలియును. అయినను నీవు వేలెత్తకున్నచో నేను కదలక నిలిచియుందును. ఆ తప్పు నాచేత జరుగకుండ కాపాడినావు.” గొణిగినవారు తలలు వంచుకొనిరి. నేనును లోలోపల సిగ్గుపడితిని.

ఇంత చిన్న ఆటకు ఇంత పట్టింపు ఏలయని కొందరు అడుగవచ్చును. పెద్ద ఆటలలో ఆటగాని నిజాయితీని కనిపెట్టుటకు పెక్కు కన్నులు కలవు. 1992లో డర్బను నగరమున భారతదేశమునకును దక్షిణాఫ్రికాకును జరిగిన టెస్టులో, టెలివిజను చిత్రములు చూచి తీర్పు చెప్పు మూడవ అంపైరు తొలిసారిగా సచిన్ టెండూల్కరును రనౌటుగా ప్రకటించెను. ఇప్పుడు అంతర్జాతీయపు ఆటలలో సందేహము కలిగినచో యంత్రముల సాయమున తీర్పును మరల పరిశీలించుచున్నారు. ఇది మేలైన మార్పే. దానివలన పొరపాట్లు తగ్గినవి. కాని చాప పరచిన మైదానమున యంత్రము లేదు. అచట నిజము నిలుచుటకు మనుష్యుని మనస్సాక్షియే ఆధారము.

పెద్ద ఆటలలోను ఇట్టి మనస్సాక్షికి ఉదాహరణము లేకపోలేదు. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టునకు గుండప్ప విశ్వనాథు మన జట్టు నాయకుడు. ఇంగ్లండు 58 పరుగులకే 5 వికెట్లు కోల్పోయెను. పిదప బాబ్ టేలరు ఆడుచుండగా, అతని బ్యాటునకు తగిలిన బంతిని వికెట్ కీపరు పట్టెనని అంపైరు ఔటిచ్చెను. బంతి తగులలేదని విశ్వనాథునకు నమ్మకము కలిగినది. అతడు తమ అప్పీలును వెనుకకు తీసికొని టేలరును మరల ఆటకు పిలిచెను. టేలరు, బోథములు ఇరువురును కలిసి ఆ వికెట్టునకు 171 పరుగులు చేర్చిరి. మన జట్టు 10 వికెట్ల తేడాతో ఓడిపోయెను. ఓడిపోయిన ఆటయే అయినను, ఆ నాయకుని పేరు నేటికిని గౌరవముతో తలచుచున్నారు.

“మనవాడు” అను మాట తీయనిది. ఆపదలో ఆదుకొనుటకు అది పనికివచ్చును. తీర్పు చెప్పుటకు పనికిరాదు. త్రాసు పట్టిన వర్తకుడు, ఓట్లు లెక్కించు ఉద్యోగి, న్యాయస్థానమున నిలిచిన సాక్షి, వీరందరును ఏదో ఒకనాడు ఆ బాలుడు నిలిచిన చోటనే నిలువవలసి వచ్చును. ఆనాటికి క్రొత్తగా ధైర్యము తెచ్చుకొనుట సులభము కాదు. చిన్ననాటనే అది అలవడవలెను.

కావున నాకు తోచిన ఒక మాట చెప్పెదను. పాఠశాలల ఆటలకు ఉపాధ్యాయులే అంపైర్లుగా నుండుట చాలచోట్ల వాడుక. అప్పుడప్పుడైనను ఆ బాధ్యతను విద్యార్థులకే వంతులవారీగా అప్పగింపవలెను. అదియు తమ జట్టు బ్యాటింగు చేయునప్పుడే అప్పగింపవలెను. వారు పొరపాట్లు చేయుదురని, పక్షపాతము చూపుదురని కొందరు భయపడవచ్చును. పొరపాటు చేసినను దోషము లేదు. చూచినది చూచినట్లు చెప్పిన చాలును. పక్షపాతము చూపినచో, అది తప్పని తెలిసికొనుటకు ఆటస్థలము కంటె తగిన చోటు లేదు. ఆ తీర్పును మన్నించుట మిగిలినవారి వంతు.

ప్రొద్దు వ్రాలుచుండగా ఆటగాండ్రు మేకులు పెరికి చాపను చుట్టిరి. అది బరువైనది, ఒక్కడు మోయలేడు. ముందు కొనను నాయకుడు భుజమున కెత్తుకొనెను. వెనుక కొనను ఆ బాలుడు పట్టుకొనెను. ఓడిపోయిన జట్టంతయు వారి వెనుక నడచెను.