రెండేండ్ల పరదేశవాసము



గడచిన వేసవి సెలవులలో నేను విశాఖపట్టణమున మా యక్కగారింట నుంటిని. ఒకనాటి యుదయమున మేమిరువురము కూరలకై పూర్ణా మార్కెట్టునకు పోయితిమి. అచ్చట ఱొమ్మున నల్లని పేరుబిళ్లలు ధరించిన యువకులిద్దఱు ఒక ముసలమ్మ బుట్టముందు నిలిచియుండిరి. వారిలో చిన్నవాడు చేతులు జోడించి, "అమ్మా, ఆనపకాయగారు ఎంత?" అని యడిగెను.

పెద్దల పేర్ల చివర 'గారు' చేర్చవలెనని వాని కెవ్వరో నేర్పియుందురు. ఆ మర్యాద కాస్త ఆనపకాయకు దక్కినది. నేను ఆపుకొనలేక పకాలున నవ్వితిని. ఆ బాలుని ముఖము కందిపోయెను. అంతట ముసలమ్మ నావంక తిరిగి, "నవ్వుతారేటమ్మా? ఆ బాబు తల్లి ఎక్కడుందో! ఈ బాబిక్కడ మన బాస నేర్సుకుంతన్నాడు" అనెను. పిమ్మట వాని వైపు తిరిగి, "కాయకి గారొద్దు బాబూ, నాకెట్టు" అని తానును నవ్వి, కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు సంచిలో వేసెను. ప్రబంధములు చదివితి నని గర్వించు నాకు ఆనాటి పాఠము చెప్పినది కూరలమ్ముకొను నామె.

ఆ పిల్లలు మార్మను సంఘమువారట. చిన్నవాడు ఈశాన్య రాష్ట్రములనుండి వచ్చినవాడు; వానికి తెలుగుదేశము పరదేశమే కదా. ఇంటికి వచ్చిన పిదప వారి జీవనమునుగూర్చి చదివి తెలిసికొన్న సంగతులు కొన్ని మీకు చెప్పుచున్నాను.

ఈ సంఘము 1830లో అమెరికాయందలి న్యూయార్కు రాష్ట్రమున పుట్టినది. నేడు దాని ముఖ్యస్థానము యూటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ నగరము. మనవారికిది బొత్తిగా క్రొత్తది కాదు. సమోవా దీవిలో నుండగా ఆ మతమున చేరిన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధించిరి. 2012లో మనదేశమునందలి తొలి 'స్టేకు', అనగా పెక్కు సంఘములను కూర్చిన మండలి, ఆ నగరముననే యేర్పడెను.

ఆ సంఘపు మగపిల్లలు 18 ఏండ్లు నిండిన పిదప రెండేండ్లపాటు, పంపినచోటికి పోయి సేవచేయుదురు. ఆడుపిల్లలును పోవుదురు, వారి గడువు 18 నెలలు. ఏ దేశమునకు పోవలెనో తాము కోరుకొనుటకు వీలులేదు. జీతము లేదు; ఖర్చు తామో తమ యింటివారో భరింతురు. మీసములైనను సరిగా రాని పిల్లవానిని 'ఎల్డర్' అని పిలుతురు. ఆ మాటకు పెద్దవాడని యర్థము! పేరు పెద్ద దైనంతమాత్రమున ఇంటిమీది బెంగ చిన్నది కాదు.

సాధారణముగా ఉదయము 6:30 గంటలకు లేచి, వ్యాయామము, ప్రార్థన, గ్రంథపఠనము ముగించి, ఆ దేశభాషను నేర్చుకొందురు. తరువాత వీధిలోనికి పోవుదురు. రాత్రి 10:30 గంటలకు దీపమార్పవలెను. జోడుగా నియమింపబడిన తోడు నెన్నడును విడువరాదు. ఆ తోడు తాము ఎంచుకొన్నవాడు కాడు. వానికి గుఱక యున్నను, వంటలో ఉప్పు ఎక్కువైనను సర్దుకొనవలసినదే. అత్తవారింట తొలియేడు గడపిన మనకు ఈ విద్య క్రొత్తగా చెప్పనక్కఱలేదు. ఆ కాలమున ప్రేమ, పెండ్లి యను మాట లేదు. వారమున కొకదినము బట్టలుతుకుటకును, సరకులు తెచ్చుకొనుటకును, ఇంటికి జాబు వ్రాయుటకును కేటాయింపబడును. వారు కాఫీ, టీ త్రాగరు. మీ యింట కాఫీ వద్దన్నచో నొచ్చుకొనకుడు, మజ్జిగ యిండు.

ఇంటివద్దనున్న తల్లుల మాట యేమి? 2019 ఫిబ్రవరి వఱకు ఆ పిల్లలు తల్లిదండ్రులతో ఫోనులో మాటలాడుట సాధారణముగా ఏడాదికి రెండుమాఱులే. మిగిలిన వారములలో జాబులు మాత్రమే. నాటినుండి వారమున కొకసారి మాటలాడవచ్చునని అనుమతించిరి. మా పెద్దవాడు చదువునకై విజయనగరము పోయి మూడు నెలలైనది. శ్రీకాకుళమునుండి అది యెంత దూరము? ఐనను ఆదివారము ఫోను మ్రోగకున్నచో నాకు అన్నము సహింపదు. ఏడాదికి రెండుమాఱులు విని యూరకుండిన తల్లుల గుండె యెట్టిదో!

మన సీమకు ఇట్టివారి రాక యీనాటిది కాదు. మార్మను సంఘము పుట్టకమునుపే, 1805లో, లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను నిరువురు విశాఖపట్టణమున దిగి, మొదట మన యక్షరములు దిద్దుకొనిరి. ఆ దినములలో స్వదేశమునుండి జాబు రావలెనన్న ఓడమీద నెలలు పట్టెడిది. ఆనందరాయరు అనువాని సాయమున సువార్తలను తెలుగుచేయుచుండిరి. క్రాన్ 1809లో మన శ్రీకాకుళముననే మరణించెను. మఱుసటి యేడు డెస్ గ్రాంజెసును పోయెను. వారి తెలుగు సువార్తలు శ్రీరామపురమున అచ్చుపడినది 1812లో. ఆ పుస్తకమును చేతపట్టి చూచుకొను భాగ్య మిరువురకును లేకపోయెను. వారు తొలిదినములలో పలికిన తెలుగును విని మన ముత్తవ్వలలో నెందఱు నవ్విరో, ఎందఱు దిద్దిరో!

"వారు మతము మార్చ వచ్చిరి కదా, వారిపై మన కింత జాలి యేల?" అని కొందఱు చెల్లెండ్రు అడుగవచ్చును. మన ధర్మము మనకు గలదు. వలదన్న మాటను మర్యాదగా చెప్పి పంపు స్వాతంత్ర్యమును మనకు గలదు. కాని బోధ వేఱు, పిల్లవాడు వేఱు. బోధను కాదన్నంతమాత్రమున దాహమునకు నీరీయరాదని యే ధర్మమును చెప్పలేదు. పరాయి యూర పరాయి మాటతో తడబడువాడు ఏ మతమువాడైనను ఒక తల్లి బిడ్డయే.

విజయనగరమున మావాని మాటకు ఎవ్వరైన నవ్వుచుందురేమో! అట్లు నవ్వినచో, వెంటనే దిద్ది రెండు మిరపకాయలు కొసరువేయు ముసలమ్మ ఒకతె ప్రక్కన నుండవలెనని ప్రతి సంధ్యయందును దీపముకడ కోరుకొనుచున్నాను. నా మట్టుకు నేను, ఈ వేసవిలో మరల పూర్ణా మార్కెట్టునకు పోయి, ఆమెకు నా తప్పు నొప్పుకొనవలె ననుకొనుచున్నాను.