మహమ్మారియు అభిప్రాయభేదమును

ఊరిలో అంటువ్యాధి అడుగు పెట్టినప్పుడెల్ల, వ్యాధికంటె ముందుగా వాదము ఇల్లిల్లు తిరిగి వచ్చును. గోరంతలు కొండంతలు చేయుచున్నారని ఒక పక్షమువారందురు. కొండ మీద పడుచుండగా గోరంతయే యనుకొని కూర్చున్నారని రెండవ పక్షమువారందురు. ఒకరి కంటికి ఒకరు పిరికివారు, మరియొకరి కంటికి ఒకరు మూర్ఖులు. వీథి అరుగు మీద మొదలైన ఈ తగవు పత్రికలకెక్కును, సభలకెక్కును, తుదకు ఒకే యింటిలో తండ్రికొడుకుల నడుమ మాటలు లేకుండ చేయును. 2020లో ఇట్టి తగవును కన్నులార చూచినవారు, అది ఆ కాలమునకే చెల్లిన వింత యనుకొనిరి. కాని నూరేండ్లకు పూర్వమే ఆ నాటకము పూర్తిగా ఆడబడియున్నది. పాత్రలు వేరు, సంభాషణలు ఇంచుమించుగా అవియే.

1918 వసంతమున సామాన్య జ్వరమువలె వచ్చిపోయిన ఇన్‌ఫ్లుయెంజా, ఆ యేటి శరత్కాలమున రెండవ కెరటమై మారణరూపము దాల్చెను. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధము ఇంకను ముగియలేదు. యుద్ధము చేయుచున్న దేశముల పత్రికలు, ప్రజల ధైర్యము సడలునేమోయని రోగవార్తలను అణచి వ్రాసెను. తటస్థ దేశమైన స్పెయిన్‌లోని పత్రికలు దాచక ప్రకటించెను. నిజము చెప్పినందుకు ఆ దేశమునకు దక్కిన బహుమానము, జబ్బునకు 'స్పానిష్ ఫ్లూ' అను పేరు స్థిరపడుటయే! మహమ్మారి కాలమున నిజము పలుకుట ఎంత నష్టదాయకమైన వ్యాపారమో ఈ ఒక్క పేరే చాటుచున్నది.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1918 సెప్టెంబరు 28న యుద్ధ ఋణపత్రముల విక్రయమునకై గొప్ప ఊరేగింపు ఏర్పాటయ్యెను. వ్యాధి అప్పటికే నగరములో ప్రవేశించియుండెను. ఊరేగింపు తగదని కొందరు వైద్యులు హెచ్చరించిరి. నగర ఆరోగ్యాధికారి విల్మర్ క్రూసెన్ దానిని ఆపలేదు. ఆయన దుర్మార్గుడని చెప్పుటకు వీలులేదు. యుద్ధమునకు ధనము కావలసియుండెను; ఉత్సవము వద్దన్నవాడు దేశద్రోహివలె కనబడు రోజులవి. సుమారు రెండు లక్షల మంది వీథులలో గుమికూడిరి. మూడు దినములు గడచునప్పటికి ఆసుపత్రులు క్రిక్కిరిసిపోయెను. అక్టోబరు 3న పాఠశాలలు, చర్చీలు, నాటకశాలలు మూయించిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే. ఇంచుమించు ఆరు వారములలో పన్నెండు వేలకు పైగా జనులు ఆ నగరమున మరణించిరి.

అదే దేశమున సెయింట్ లూయిస్ అను మరియొక నగరము కలదు. అక్కడి ఆరోగ్యాధికారి మాక్స్ స్టార్క్‌లాఫ్, పౌరులలో తొలి రోగులు బయటపడిన రెండు దినములకే, అక్టోబరు 7న, పాఠశాలలను, నాటకశాలలను, జనసమూహములు చేరు తావులను మూయించెను. వ్యాపారము చెడునని వర్తకులు మొరపెట్టుకొనిరి. ఐనను అధికారులు వెనుదీయలేదు. ఆ మొదటి ఉధృతిలో ఫ్లూ, న్యుమోనియాల వలన కలిగిన అదనపు మరణములు, లక్ష జనాభాకు వారమునకు మిక్కిలి హెచ్చుగా ఫిలడెల్ఫియాలో 257, సెయింట్ లూయిస్‌లో 31. నవంబరులో ఆంక్షలు సడలింపగా సెయింట్ లూయిస్‌లోను మరణములు పెరిగెను. తిరిగి ఆంక్షలు విధింపవలసివచ్చెను. ఏ విజయమును శాశ్వతము కాదని ఆ నగరము నేర్చుకొనెను.

ఇచ్చట ఒక చిక్కు గమనింపదగినది. జాగ్రత్త ఫలించినచో, అది అనవసరమైనదిగా కనబడును. గట్టు తెగనప్పుడు, "వరద ఏది? ఇంత మట్టి ఎందుకు మోయించితిరి?" అని అడుగువారు తప్పక ఉందురు. తెగిన గట్టు అందరికిని సాక్ష్యము చెప్పును; నిలిచిన గట్టునకు సాక్షులుండరు. సెయింట్ లూయిస్ పౌరుని ఎదుట ఫిలడెల్ఫియా శవపేటికలు లేవు. అతనికి కనబడినది మూతబడిన తన దుకాణము మాత్రమే. అతని కోపమును వెక్కిరించుట సులభము. అర్థము చేసికొనుట అవసరము.

శాన్ ఫ్రాన్సిస్కో కథ మరింత విచిత్రమైనది. 1918 అక్టోబరు చివర అక్కడ ముక్కును, నోటిని మాస్కుతో కప్పుకొనుట తప్పనిసరి చేసిరి. మడతలు పెట్టిన పలుచని గుడ్డయే ఆ మాస్కు. ధరింపనివారికి జరిమానా, చెర. నవంబరు 21న మధ్యాహ్నము సైరను కూయగానే జనులు వాటిని తీసి వీథులలో పారవేసి పండుగ చేసికొనిరి. కాని వ్యాధి సెలవు తీసికొనలేదు. 1919 జనవరిలో ఆజ్ఞ మరల వచ్చెను. ఈమారు 'యాంటీ మాస్క్ లీగ్' అను సంఘము పుట్టెను. వేలకొలది జనులు సభ చేసి, ఇది స్వాతంత్ర్యమునకు భంగమనిరి. ఫిబ్రవరి 1న ఆజ్ఞ రద్దయ్యెను. అంతకు పూర్వమే ఒక వింత జరిగియుండెను. ఒక ముష్టియుద్ధపు పోటీని చూచుచు, మాస్కు లేక పట్టుబడి జరిమానా చెల్లించినవారిలో నగర మేయరును, ఆరోగ్యాధికారియు ఉండిరి. శ్రీరంగ నీతులు చెప్పువాడు తానే వాటిని పాటింపనినాడు, నియమమును చంపుటకు వేరే శత్రువు అక్కరలేదు.

మరి ఆ లీగువారు కేవలము మూఢులా? అట్లనుటకును వీలులేదు. ఊపిరి తేలికగా ఆడు పలుచని గుడ్డ వ్యాధిని ఆపజాలదనియు, గుడ్డ దట్టమైనచో గాలి అంచుల నుండి దూరుననియు 1920లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెందిన పరిశోధకులే తేల్చిరి. మనుష్యులలో ఆ జబ్బునకు కారణమైన వైరస్ 1933 వరకు పట్టుబడనే లేదు. కనుక ఆ గుడ్డను గూర్చి సందేహించినవారు కొంతవరకు సరియే. కాని "ఈ గుడ్డ పనిచేయదు" అను మాటకును, "ఈ జబ్బు లేదు" అను మాటకును నడుమ ఏరు ప్రవహించుచున్నది. తొందరపాటువారు ఆ యేటిని గుర్తింపక ఒక గట్టున నిలిచి రెండవ గట్టు తమదే యనిరి. మందును శంకించుట వివేకము కావచ్చును. మందును శంకించి రోగమునే కాదనుట వివేకము కాదు.

భారతదేశమున ఇందుకు విరుద్ధమైన పాఠము ఒకటి కలదు. 1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేరగా, ప్రభుత్వము 1897లో అంటువ్యాధుల చట్టము చేసెను. రోగము తీవ్రమైనదను విషయమున ప్రభుత్వము పొరబడలేదు. పొరబడినది పద్ధతిలో. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు చేసిరి. స్త్రీల మర్యాదను, పూజాగృహముల పవిత్రతను పాటింపలేదని జనులు మండిపడిరి. రోగులను దాచిపెట్టుట మొదలయ్యెను. 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగెను. ఆ గాయములతో ఆయన మరణించెను. సత్యము పాలకుని పక్షముననే యున్నను, ప్రజల మనస్సు అతని పక్షమున లేనప్పుడు ఆ సత్యము ఇంటి గడప దాటి లోనికి పోజాలదు.

1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవు గుండ దేశమున ప్రవేశించినప్పుడు, పెక్కు పల్లెలకు వాదించు అవకాశమైనను చిక్కలేదు. వానలు లేవు, ధరలు మండుచుండెను, వైద్యుడు అందనంత దూరము. మరణించినవారు ఒక కోటి ఇరువది లక్షల నుండి ఒక కోటి ఎనుబది లక్షల వరకు ఉందురని పండితుల అంచనా. దేశ జనాభా లెక్కలలో జనసంఖ్య తగ్గిన దశాబ్దము 1911–1921 ఒక్కటియే. అన్నము లేనివానికి "ఇంటిలో ఉండుము" అను హితవు సగము మాటయే. మిగిలిన సగము అన్నము పంపుట. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైన పిమ్మట, వందల మైళ్లు కాలినడకన స్వగ్రామములకు బయలుదేరిన కూలీలు ఈ మిగిలిన సగమునే గుర్తుచేసిరి. మరునాటి యేట, కేసులు తగ్గినవని జనులు ఊరట చెందియుండగా, ఏప్రిల్, మే నెలలలో రెండవ కెరటము వచ్చి ప్రాణవాయువు సిలిండరు కొరకు ఊరూరు తిరుగునట్లు చేసెను. కాలినడకన పోయిన కూలీ భయపడినవారి లెక్క తప్పనెను. ఊపిరాడని రోగి తేలికగా తీసికొన్నవారి లెక్క తప్పనెను. ఇరువురును సత్యమే పలికిరి.

కావున ఇట్టి వాదములలో మూడు ప్రశ్నలు కలగాపులగమై యుండునని గ్రహింపవలెను. జబ్బు ఎంత తీవ్రమైనది? ఇది లెక్కలతో తేలవలసినది. ఓట్లతో తేలునది కాదు. ఏ ఉపాయము పనిచేయును? ఇది పరీక్షతో తేలవలసినది. పరీక్ష ముగియువరకు ఎవరికిని గర్వము తగదు. ఆ ఉపాయమునకు వెల ఎంత, దానిని ఎవరు చెల్లింపవలెను? ఇది మాత్రము పౌరులందరును కూర్చుండి వాదింపవలసిన ప్రశ్న. దుకాణదారుడు, కూలీ, బడి మూతబడిన పిల్లవాడు, ఇంటిలోని ముసలివారు అందరికిని ఇందులో మాట కలదు. మూడవ ప్రశ్నపై కోపము వచ్చినవాడు మొదటి ప్రశ్నకు అబద్ధపు జవాబు చెప్పును. మొదటి ప్రశ్నకు జవాబు తెలిసినవాడు మూడవ ప్రశ్నను అడుగనీయడు. తగవునకు మూలము ఇదియే.

లెక్కలు తేలువరకు వ్యాధి ఆగదు గదా, అంతవరకేమి చేయవలెనని ఎవరైన అడుగవచ్చును. అప్పుడు రెండు పొరబాట్లను త్రాసులో వేసి చూడవలెను. ఎక్కువ జాగ్రత్తపడి పొరబడినచో పోవునది ధనము, కాలము, చదువు. ఇవి చిన్నవి కావు, కాని పూనిక యున్నచో చాలవరకు తిరిగి కూడబెట్టుకొనవచ్చును. తక్కువ జాగ్రత్తపడి పొరబడినచో పోవునది ప్రాణము. ఈ భేదము తెలిసినవారు తొలిదినములలో జాగ్రత్త వైపు మొగ్గుదురు. తెలిసినకొలది తమ మాటను దిద్దుకొనుటకు సిగ్గుపడరు. నిన్నటి మాటను నేడు దిద్దుకొన్న వైద్యుని "మాట మార్చినాడు" అని ఎగతాళి చేయు సమాజమున, ఏ వైద్యుడును నిజము చెప్పుటకు సాహసింపడు.

ఈ విచక్షణ జ్వరము వచ్చిననాడు నేర్పదగినది కాదు. దానికి తావు తరగతి గది. చరిత్ర పాఠమున రెండు నగరముల కథ చెప్పవచ్చును. గణితమున 257కును 31కిని గల భేదమును చూపవచ్చును. తెలుగు పాఠమున "సందేహము" అను మాటకును "నిరాకరణము" అను మాటకును అర్థభేదమును చెప్పి, రెండింటితో వాక్యములు వ్రాయింపవచ్చును. ఎదుటివాడు ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నాడో కనుగొని, తరువాత మాత్రమే అతనితో విభేదించుట విద్యార్థికి అలవడినచో చాలును. మహమ్మారి మరల రాదని ఎవరును హామీ ఇయ్యజాలరు. అది వచ్చిననాడు వాదము కూడ వచ్చును, రావలసినదే. ఆ వాదములో గెలువవలెనను పట్టుదల కంటె, ప్రక్క ఇంటివాడు బ్రతుకవలెనను కోరిక ఒక వీసమైనను ఎక్కువగా ఉన్నచో, ఆ చదువు సార్థకమైనట్లే.